ఆపరేషన్ అయినా తగ్గని చేతి నొప్పి: ఏ నొప్పో గుర్తుపట్టడం నుంచి చేతిని మళ్లీ పనిలో పెట్టేదాకా

మణికట్టు ఎముక విరిగితే నాకు ప్లేటు వేశారు. ఆరో వారం ఎక్స్‌రేలో ఎముక చక్కగా అతుక్కుని కనిపించింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నా చేతి మీద మాత్రం దుప్పటి అంచు తగిలినా నిప్పు రాసినట్టు మండేది. వేళ్లు ఉబ్బిపోయి, చర్మం నిగనిగలాడుతూ ఉండేది. చేయి పొద్దున ఎర్రగా ఉంటే సాయంత్రానికి నీలంగా మారేది. "ఆపరేషన్ అన్నాక నొప్పి ఉంటుంది, కాస్త ఓర్చుకోండి" అన్న మాట నమ్మి ఇంకో రెండు నెలలు చేతిని ఒళ్లో పెట్టుకుని, పైన టవల్ కప్పుకుని కూర్చున్నాను. నాకు ఎక్కువ నష్టం చేసింది ఆ రెండు నెలలే.

నేను డాక్టర్ని కాదు. నా చేయి తిరిగి దారిలో పడడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ దారిలో డాక్టర్ల దగ్గర, ఫిజియోథెరపిస్టు దగ్గర, చదువుకున్నదాంట్లో నేర్చుకున్నవన్నీ వరసగా రాస్తున్నాను. ముందే ఒకటి చెప్పాలి. "చేతి నొప్పి" అనేది ఒక్క జబ్బు కాదు. మచ్చ నొప్పికి చేసేది నరం నొప్పికి పనిచేయదు. నరం ముడిపడి ఉంటే ఎంత వ్యాయామం చేసినా ఆ ముడి విడదు. కాబట్టి మొదటి పని నొప్పిని తగ్గించడం కాదు, అది ఏ నొప్పో తేల్చుకోవడం.

అన్నిటికంటే ముందు: ఆగకూడని సందర్భాలు

కింద రాసినవాటిలో ఏది కనిపించినా మిగతా వ్యాసం తర్వాత చదవండి, ముందు ఆసుపత్రికి వెళ్లండి.

- కట్టు లోపల చేయి పగిలిపోతుందేమో అన్నంత బిగుతు, మందు వేసుకున్నా గంటగంటకీ పెరిగే నొప్పి, వేళ్లను ఎవరైనా మెల్లగా చాపినా భరించలేకపోవడం, వేళ్లు పాలిపోవడం, చల్లబడడం, మొద్దుబారడం. కండరాల్లో ఒత్తిడి పెరిగి రక్తం ఆడకపోతే ఇలా అవుతుంది. ఇక్కడ గంటలే లెక్క, రోజులు కాదు.
- కుట్ల దగ్గర చీము, జ్వరం, చేతి మీదుగా పైకి పాకుతున్న ఎరుపు.
- ఒక వేలు మొదలు నుంచి కొస దాకా ఒకే తీరుగా ఉబ్బి, కొద్దిగా వంగి ఉండిపోయి, అరచేతి వైపు పొడవునా నొక్కితే నొప్పి, చాపబోతే ఇంకా నొప్పి. టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపి వేలిని కదిపే తాడు లాంటిది) చుట్టూ ఉండే తొడుగులోకి ఇన్‌ఫెక్షన్ వెళ్లిందనడానికి ఇది గుర్తు.
- నిన్నటిదాకా కదిలిన వేలు ఇవాళ ఒక్కసారిగా కదలకపోవడం. కుట్టిన టెండన్ తెగి ఉండొచ్చు. మణికట్టుకి ప్లేటు వేసినవాళ్లలో నెలల తర్వాత కూడా బొటనవేలి టెండన్ ఇలా తెగే అవకాశం ఉంది.

పిండికట్టు బిగుతుగా ఉంటే "మళ్లీ వచ్చే అపాయింట్‌మెంట్‌కి చెప్దాం" అనుకోకండి. కట్టు విప్పి మళ్లీ కట్టడం చిన్న పని. ఆలస్యం వల్ల జరిగేది చిన్నది కాదు.

మొదటి మెట్టు: ఎంత నొప్పి మామూలు?

చేతి చర్మంలో, ముఖ్యంగా వేళ్ల చివర్లలో, నరాల కొసలు చాలా దట్టంగా ఉంటాయి. అందుకే అక్కడ చిన్న కోత పడినా పెద్దగా తెలుస్తుంది. కుట్లు సాధారణంగా 10 నుంచి 14 రోజుల మధ్య తీస్తారు. వాపు, బిగుతు కొన్ని వారాలు ఉంటాయి. మచ్చ రెండు మూడు నెలలపాటు ఎర్రగా, గట్టిగా ఉండి, ఏడాది నుంచి ఏడాదిన్నరలోపు మెత్తబడుతుంది. పట్టు బలం రావడానికి నెలలు పట్టినా కంగారు పడక్కర్లేదు.

చూడాల్సింది నొప్పి ఎంత ఉందన్నది కాదు, ఎటు వెళ్తోందన్నది. రెండో వారం కంటే నాలుగో వారం, నాలుగో వారం కంటే ఆరో వారం కాస్తయినా మెరుగ్గా ఉంటే దారి సరైనదే. తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరిగినా, కోత లేని చోటికి పాకినా, ఆపరేషన్‌కి ముందు లేని మంటలూ తిమ్మిర్లూ కొత్తగా మొదలైనా చూపించుకోవాలి.

ఆపరేషన్ తర్వాత 3 నెలలు దాటినా నొప్పి ఉంటే, ఇన్‌ఫెక్షన్ లాంటి వేరే కారణం లేకపోతే, దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు. 2022లో అమల్లోకి వచ్చిన ఐసీడీ–11 అనే అంతర్జాతీయ జబ్బుల జాబితాలో దానికి సొంత కోడ్ కూడా ఉంది. ఈ 3 నెలల లెక్క పేరు పెట్టడానికే తప్ప ఎదురుచూడడానికి కాదు. నాలుగో వారంలోనే తేడాగా అనిపిస్తే నాలుగో వారంలోనే వెళ్లండి. నేను చేసిన తప్పు ఇక్కడే.

రెండో మెట్టు: ఒక వారం రాసుకోండి

"నొప్పిగా ఉంది డాక్టర్" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఒక కాగితం మీద మీ రెండు అరచేతులూ ఆనించి గీతలు గీసుకోండి. నొప్పి ఉన్న చోట రంగు వేయండి. మొద్దుబారిన చోట వేరే రంగు వేయండి. పక్కన ఆ నొప్పి ఎలా ఉందో మీ మాటల్లోనే రాయండి: సలుపా, పోటా, మంటా, సూదులు గుచ్చినట్టా, కరెంట్ షాక్ కొట్టినట్టా, గుంజుతున్నట్టా. ఈ మాటల తేడా చాలా విలువైంది. మంట, షాక్, సూదులు అంటే నరం వైపు ఆలోచిస్తారు. సలుపు, పట్టేయడం అంటే కీలు, టెండన్, ఎముక వైపు చూస్తారు.

ఇంకో మూడు పనులు చేయండి. రోజుకి రెండుసార్లు 0 నుంచి 10 వరకు అంకె వేసుకోండి. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి, ఒకే వెలుతురులో ఫోటో తీసుకోండి. రంగు మారడం, వాపు డాక్టర్ గదిలోకి వెళ్లేసరికి మాయమయ్యే లక్షణాలు, ఫోటోలోనైతే దొరికిపోతాయి. మూడోది, పిడికిలి బిగించినప్పుడు వేలి కొసకీ అరచేతికీ మధ్య అవతలి చేతి వేళ్లు ఎన్ని పడుతున్నాయో చూసి రాయండి. నాకు మొదట మూడు వేళ్లు పట్టేవి. అది రెండైన రోజు నొప్పి అంకె మారకపోయినా నాకు ధైర్యం వచ్చింది.

మూడో మెట్టు: ఇది ఏ నొప్పి?

*మచ్చ, దాని చుట్టుపక్కల.* కోత గీత మీద నొక్కితేనే నొప్పి, ముట్టుకోకపోతే ఏమీ ఉండదు. అరచేతి మొదట్లో నరం మీద ఒత్తిడి తీసే కార్పల్ టన్నెల్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకి కోతకి రెండు పక్కలా, అరచేతి దిమ్మల దగ్గర లోతుగా నొప్పి వస్తుంది. కుర్చీ చేతుల మీద ఆనుకుని లేవబోతే ప్రాణం జివ్వుమంటుంది. చాలామందిలో ఇది మూడు నుంచి ఆరు నెలల్లో దానంతట అదే తగ్గుతుంది. దీనికి భయపడి చేతిని వాడడం మానేయకూడదు.

*నరం ముడి.* తెగిన నరం మళ్లీ పెరగాలని చూస్తుంది. దారి దొరకకపోతే అక్కడే చుట్టుకుని గడ్డలా తయారవుతుంది. దీన్ని న్యూరోమా అంటారు. బొటనవేలి వైపు మణికట్టు మీదుగా వెళ్లే సన్నటి స్పర్శ నరానికి ఈ ప్రమాదం ఎక్కువ. అక్కడ చర్మానికి చాలా దగ్గరగా ఉంటుంది కాబట్టి చిన్న కోతకే దెబ్బ తగలొచ్చు. గుర్తు సులువే. ఒక్క చుక్కంత చోట వేలితో తడితే అక్కడి నుంచి వేళ్ల దాకా షాక్ కొడుతుంది. వాచీ పట్టీ, చొక్కా చేతి అంచు కూడా తగలనివ్వలేరు.

అయితే తడితే జివ్వుమనడం ఎప్పుడూ చెడ్డ గుర్తు కాదు. కోలుకుంటున్న నరం రోజుకి సుమారు 1 మిల్లీమీటరు చొప్పున ముందుకి పెరుగుతుంది. అంటే నెలకి దాదాపు 3 సెంటీమీటర్లు. జివ్వుమనే చోటు నెలనెలా వేళ్ల వైపు జరుగుతుంటే నరం బాగవుతోందని అర్థం. నెలలు గడిచినా అదే చోట పాతుకుపోయి ఉంటే ముడిపడిందేమో అని అనుమానించాలి. చోటుని పెన్నుతో గుర్తుపెట్టి ఫోటో తీసుకోండి, తేడా మీకే కనిపిస్తుంది.

*నరం మీద ఒత్తిడి పోకపోవడం.* కార్పల్ టన్నెల్ ఆపరేషన్ తర్వాత తిమ్మిరి ఉంటే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది ఎప్పుడు మొదలైంది? మునుపటి తిమ్మిరే ఒక్కరోజు కూడా తగ్గకుండా కొనసాగుతుంటే, బిగుతు పూర్తిగా తీయలేదేమో, లేదా అసలు సమస్య మెడ దగ్గర నరంలో ఉందేమో చూడాలి. హాయిగా కొన్ని నెలలు గడిచాక మళ్లీ వస్తే, నరం చుట్టూ మచ్చ కణజాలం బిగిసి ఉండొచ్చు. ఆపరేషన్ రోజు నుంచే కొత్త చోట మొద్దుబారితే నరానికి దెబ్బ తగిలిందేమో చూడాలి. ఈ మూడింటికీ వైద్యం మూడు రకాలు. అందుకే తేదీలు అంత ముఖ్యం.

*బిగుసుకుపోవడం.* వేలు పూర్తిగా వంగదు, బలవంతం చేస్తే నొప్పి. ఇక్కడ ఇంట్లోనే చేసుకోగల చిన్న పరీక్ష ఉంది. ముందు మీ బలంతో వేలు వంచండి. తర్వాత రెండో చేత్తో మెల్లగా వంచండి. రెండో చేత్తో చక్కగా వంగుతూ సొంత బలంతో వంగకపోతే టెండన్ చుట్టుపక్కల కణజాలానికి అతుక్కుని ఉండొచ్చు. రెండు విధాలా వంగకపోతే కీలే బిగిసి ఉండొచ్చు. టెండన్ కుట్టించుకున్నవాళ్లు మాత్రం డాక్టర్ అనుమతి లేకుండా ఈ పరీక్ష చేయొద్దు.

*ప్లేటు, స్క్రూలు.* ఒక ఫలానా కదలికకే నొప్పి, టిక్కుమని శబ్దం, చర్మం కింద గట్టిగా తగలడం. ఎక్స్‌రేతో, అవసరమైతే సీటీ స్కాన్‌తో తేలుతుంది. ఎముక అతుక్కున్నాక తీసేయొచ్చు.

సీఆర్‌పీఎస్: దీన్ని వేరుగా చెప్పుకోవాలి

నాకు వచ్చింది ఇదే. దెబ్బకీ ఆపరేషన్‌కీ తగ్గ నొప్పి కాదు, దానికి ఎన్నో రెట్లు. కోత మణికట్టు దగ్గర ఉంటే నొప్పి చేయంతా చేతి తొడుగు వేసినట్టు పాకుతుంది. పేరు కాంప్లెక్స్ రీజనల్ పెయిన్ సిండ్రోమ్. ఈ నొప్పి కొత్తది కాదు. అమెరికా అంతర్యుద్ధంలో నరాలకి తూటా దెబ్బలు తగిలిన సైనికులను చూసిన వియర్ మిచెల్ అనే డాక్టర్ ఈ మంటను వివరంగా రాశారు. చేయి పొడిగా ఉంటే భరించలేక వాళ్లు ఎప్పుడూ నీళ్లతో తడుపుకుంటూ ఉండేవారట. అది చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. నేనూ తడిగుడ్డ చుట్టుకునే పడుకునేదాన్ని. 1900లో జర్మన్ సర్జన్ పాల్ సూడెక్ ఇలాంటి చేతుల్లో ఎముక పలచబడడం గమనించారు. ఇప్పుడున్న పేరు 1994లో స్థిరపడింది.

దీన్ని తేల్చే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ లేదు. డాక్టర్లు బుడాపెస్ట్ ప్రమాణాలు అనే పద్ధతి వాడతారు. దెబ్బకి మించిన నొప్పి ఆగకుండా ఉండాలి, వేరే ఏ జబ్బుతోనూ అది సరిపోలకూడదు. ఆపైన నాలుగు గుంపుల లక్షణాలు చూస్తారు. మొదటిది స్పర్శ: మెత్తటి గుడ్డ తగిలినా నొప్పి. రెండోది వేడి, రంగు: ఒక చేయి రెండోదానికంటే వెచ్చగా లేదా చల్లగా ఉండడం, రంగు మారడం. మూడోది వాపు, చెమటలో తేడా. నాలుగోది కదలిక తగ్గడం, వణుకు, బలహీనత, గోళ్లూ వెంట్రుకలూ చర్మమూ మారిపోవడం. మీరు చెప్పేవాటిలో మూడు గుంపులైనా ఉండాలి, డాక్టర్ కళ్లారా చూసినవాటిలో రెండైనా ఉండాలి. నరానికి దెబ్బ తగిలినట్టు తేలకపోతే మొదటి రకం, తేలితే రెండో రకం.

ఆడవాళ్లలో, మణికట్టు విరిగినవాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ఎవరి తప్పూ లేకుండా, ఆపరేషన్ అద్భుతంగా జరిగినా రావచ్చు. చాలామందిలో మొదటి ఏడాదిలోనే చెప్పుకోదగ్గంతగా తగ్గుతుంది. అయితే చేతిని కదపకుండా ఉంచేస్తే కీళ్లు బిగుసుకుపోతాయి, మెదడు కూడా ఆ చేతిని లెక్కలోంచి తీసేయడం మొదలుపెడుతుంది. మా థెరపిస్టు మొదటిరోజు అడిగిన ప్రశ్న ఇది: "అమ్మా, ఈ చేతిని మీరు రోజుకి ఎన్నిసార్లు చూసుకుంటున్నారు?" నేను చూడడమే మానేశానని అప్పుడు తెలిసింది. అది నాది కానట్టు, ఎవరో తెచ్చి అతికించినట్టు ఉండేది. ఈ జబ్బులో చాలామందికి అలాగే అనిపిస్తుంది, అది పిచ్చి కాదు.

నాలుగో మెట్టు: డాక్టర్ దగ్గర

ముందు ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికే వెళ్లండి. లోపల ఏం చేశారో వాళ్లకే తెలుసు. డైరీ, ఫోటోలు, డిశ్చార్జి కాగితాలు, ఆపరేషన్ నోట్సు పట్టుకెళ్లండి. అడగాల్సినవి: ఏ నరం దగ్గరగా కోత పడింది? నొప్పికి ఒక చోటు, ఒక కారణం కనిపిస్తోందా? నాకు సీఆర్‌పీఎస్ ఉందా, లేదని ఏ లక్షణం చూసి అంటున్నారు? ఏ కదలిక చేయొచ్చు, ఏది చేయకూడదు?

నరం ఎంత పనిచేస్తోందో చూడడానికి నర్వ్ కండక్షన్ పరీక్ష, ముడి కనిపెట్టడానికి అల్ట్రాసౌండ్ స్కాన్ చేయిస్తారు. అనుమానం ఉన్న నరం దగ్గర మత్తు ఇంజెక్షన్ వేసి చూడడం చాలా ఉపయోగపడే పరీక్ష. కొద్ది గంటలైనా నొప్పి పూర్తిగా పోతే ఆ నరమే కారణమని గట్టి ఆధారం దొరికినట్టే.

"రిపోర్టులన్నీ నార్మల్, నొప్పి మీ మనసులో ఉంది" అంటే అక్కడితో ఆగిపోకండి. చేతి సర్జన్‌తో పాటు నొప్పి వైద్య నిపుణులు, చేతికే ప్రత్యేకంగా పనిచేసే థెరపిస్టులు ఉంటారు. రెండో అభిప్రాయం అడగడం మొదటి డాక్టర్ని అవమానించడం కాదు.

ఐదో మెట్టు: రోజూ ఇంట్లో చేయాల్సింది

అసలు వైద్యం ఇక్కడే ఉంది. మందులూ ఇంజెక్షన్లూ దీనికి తోడు మాత్రమే. మొదలుపెట్టేముందు మీ ఆపరేషన్‌కి ఏది సురక్షితమో థెరపిస్టుని అడగండి. టెండన్ కుట్టినవాళ్లు దాదాపు 12 వారాల వరకు బరువులు ఎత్తకూడదు. వాళ్లకి వ్యాయామాల క్రమం వేరే ఉంటుంది.

వాపుతో మొదలుపెట్టండి. వాపు ఉన్న చేయి బిగుస్తుంది, బిగుసుకున్న చేయి నొప్పెడుతుంది. కూర్చున్నా పడుకున్నా చేయి గుండె కంటే ఎత్తులో ఉండేలా దిండు పెట్టుకోండి. గంటకోసారి చేయి తల మీదికి ఎత్తి పదిసార్లు పిడికిలి మూసి తెరవండి. స్లింగ్‌లో రోజంతా ఉంచేస్తే భుజం కూడా పట్టేస్తుంది. భుజాన్నీ మోచేతినీ రోజూ పూర్తిగా తిప్పాలి.

తర్వాత టెండన్లను జార్చే వ్యాయామం. ఐదు భంగిమలు ఉంటాయి. వేళ్లు నిటారుగా చాపాలి. పై రెండు కణుపులే వంచి కొక్కెంలా చేయాలి. వేళ్లు చాపి ఉంచి మొదటి కణుపుల దగ్గర మాత్రమే వంచితే బల్లలా అవుతుంది. ఆ మీదట వేలి కొసలు అరచేతి కింది భాగానికి తాకేలా మడవాలి. చివరిది పూర్తి పిడికిలి. ఒక్కోటి ఐదు నుంచి పదిసార్లు, రోజుకి నాలుగైదు దఫాలు. అరగంట ఒకేసారి చేసి అలసిపోవడం కంటే మూడేసి నిమిషాలు చాలాసార్లు చేయడం మేలు.

ఎంత నొప్పి దాకా చేయాలి? నేను పాటించిన లెక్క ఇది. చేసేటప్పుడు నొప్పి కాస్త పెరగొచ్చు, గంటలోపు మొదటికి వచ్చేయాలి. మర్నాడు పొద్దున వాపు, నొప్పి ఎక్కువైతే ఆ రోజు సగం చేయండి. సగం చేయండి అంటున్నాను, మానేయండి అనడం లేదు. పంటి బిగువున వేళ్లను బలవంతంగా వంచే "మసాజ్ చేసేవాళ్ల" చేతిలో మాత్రం ఎప్పుడూ పెట్టకండి. సీఆర్‌పీఎస్ ఉన్న చేతిని అది ఇంకా రెచ్చగొడుతుంది.

గాయం పూర్తిగా మూసుకుని, పొక్కులన్నీ రాలాక మచ్చ మీద రుద్దడం మొదలుపెట్టొచ్చు. ఏదైనా మామూలు క్రీమ్ చాలు. గోరు చివర తెల్లబడేంత ఒత్తిడితో గుండ్రంగా, నిలువుగా, అడ్డంగా రుద్దాలి. ఒక్కోసారి ఐదు నిమిషాలు. ఉబ్బెత్తుగా ఉండే మచ్చకి సిలికాన్ జెల్ లేదా షీటు ఉపయోగపడుతుంది.

ముట్టుకుంటే మండే చేతికి స్పర్శ నేర్పాలి. నేర్పడం అనే మాట కావాలనే వాడుతున్నాను. నొప్పి మొదలయ్యే చోటికి కాస్త దూరం నుంచి దూదితో మెల్లగా నిమురుతూ దగ్గరికి రండి. కళ్లు మూసుకోకుండా చేతినే చూస్తూ, "ఇది దూది, నన్ను గాయపరచదు" అనుకుంటూ చేయండి. దూది ఓర్చుకోగలిగాక సిల్కు, నూలు గుడ్డ, టవల్, మెత్తటి బ్రష్. ఆ తర్వాత బియ్యంలోనో ఇసుకలోనో చేయి ముంచి కదపడం. ఒక్కో మెట్టుకి నాకు వారం పైనే పట్టింది. టవల్ దగ్గర మూడు వారాలు ఆగిపోయాను.

కదపాలన్న ఆలోచనకే నొప్పి వచ్చేవాళ్లకి మెదడు నుంచి మొదలుపెట్టే పద్ధతి ఉంది. ముందు చేతుల ఫోటోలు చూసి ఎడమదా కుడిదా వెంటనే చెప్పడం సాధన చేయాలి. అది తేలికయ్యాక, నొప్పి ఉన్న చేతిని కదుపుతున్నట్టు ఊహించుకోవాలి. చివరికి అద్దం. బల్ల మీద అద్దం నిలబెట్టి, నొప్పి ఉన్న చేతిని వెనక ఉంచి, బాగున్న చేతిని ముందు ఉంచి కదిపితే రెండు చేతులూ హాయిగా కదులుతున్నట్టు కనిపిస్తుంది. కాళ్లూ చేతులూ కోల్పోయినవాళ్లకి లేని అవయవంలో వచ్చే నొప్పి కోసం 1990ల్లో మెదడు శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ ఈ అద్దం ఉపాయం ప్రయోగించారు. తర్వాత సీఆర్‌పీఎస్‌కీ వాడడం మొదలైంది. అద్దంలో చూసినప్పుడు నొప్పి పెరిగితే బలవంతం చేయొద్దు, ఫోటోల దగ్గరికి వెనక్కి వెళ్లండి.

ఆఖరి పని బరువు. ఎముక అతుక్కుందని డాక్టర్ చెప్పాక, బ్రష్ పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని నేల మీద ఒత్తి రుద్దడం, నడిచేటప్పుడు ఆ చేత్తో తేలికపాటి సంచి మోయడం. మూడేసి నిమిషాలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. మొదటి రోజుల్లో వాపు కాస్త పెరిగినా తర్వాత దిగుతుంది.

రెండు హెచ్చరికలు. సీఆర్‌పీఎస్ చేతికి ఐస్ పెట్టకండి. స్పర్శ తగ్గిన చేతిని వేడినీళ్లలో ముంచేముందు రెండో చేత్తో వేడి చూడండి, కాలినా తెలియదు.

ఆరో మెట్టు: మందులు

మామూలు నొప్పికి పారాసెటమాల్, వాపు తగ్గించే మాత్రలు పనిచేస్తాయి. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉన్నవాళ్లు ఆ రెండో రకం సొంతంగా వాడకూడదు. నరం నొప్పికి ఇవి పెద్దగా పనిచేయవు. దానికి గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్ లాంటివి ఇస్తారు. వీటిలో కొన్ని ఫిట్స్‌కో డిప్రెషన్‌కో వాడే మందులు కాబట్టి చీటీ చూసి చాలామంది భయపడతారు. నరాల్లో పోయే నొప్పి సంకేతాన్ని తగ్గించడానికే వీటిని ఇస్తారు. ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. మత్తు, కళ్లు తిరగడం రావచ్చు, మొదటి రోజుల్లో బండి నడపకండి. ఒక్కసారిగా మానేయకూడదు, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఒకే చోట మంట ఉంటే లిడోకెయిన్ ప్యాచ్ అడిగి చూడొచ్చు.

సీఆర్‌పీఎస్ తొలి దశలో, చేయి వెచ్చగా వాచి ఉన్నప్పుడు, కొద్ది రోజుల స్టెరాయిడ్ మాత్రల కోర్సు కొందరికి ఇస్తారు. ఎముకలు పలచబడకుండా వాడే బిస్‌ఫాస్ఫోనేట్లు కూడా వాడుకలో ఉన్నాయి. మార్ఫిన్ జాతి మందులు నెలల తరబడి వాడడం వల్ల ఈ నొప్పికి మేలు తక్కువ, అలవాటు పడే ప్రమాదం ఎక్కువ.

ఏడో మెట్టు: ఇంజెక్షన్లు, మళ్లీ ఆపరేషన్

మెడ దగ్గర నరాల గుంపుకి మత్తు ఇచ్చే స్టెల్లేట్ గ్యాంగ్లియన్ బ్లాక్ కొందరికి బాగా ఉపశమనం ఇస్తుంది. ఉపశమనం దొరికిన ఆ గంటల్లోనే థెరపీ చేయాలి. బ్లాక్ వేయించుకుని ఇంటికి వచ్చి పడుకుంటే అసలు ప్రయోజనం పోయినట్టే. ఏదీ పనిచేయని కొద్దిమందికి వెన్నెముక దగ్గర చిన్న కరెంట్ పరికరం అమర్చే పద్ధతి ఉంది.

రెండో ఆపరేషన్ గురించి నా అభిప్రాయం గట్టిది. నొప్పికి చూపించగల కారణం ఉంటేనే కత్తి పట్టాలి: న్యూరోమా, ఇంకా నొక్కుకుపోతున్న నరం, గుచ్చుకుంటున్న స్క్రూ, అతుక్కున్న టెండన్. న్యూరోమా అయితే ముడి తీసి నరం కొసను కండరంలో దాచడమో, వేరే నరానికి కలపడమో చేస్తారు. "ఒకసారి తెరిచి చూద్దాం" అంటే ఒప్పుకోకండి. సీఆర్‌పీఎస్ చురుగ్గా ఉన్నప్పుడు అనవసరమైన కోత దాన్ని పెంచొచ్చు.

నిద్ర, భయం, ఇంటివాళ్లు

నిద్ర లేని రాత్రి మర్నాటి నొప్పిని పెంచుతుంది, ఆ నొప్పి మళ్లీ నిద్రను చెడగొడుతుంది. నిద్ర పట్టడం లేదని డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. రాత్రి ఇచ్చే నరాల మందుని దానికి తగ్గట్టు ఎంచుకుంటారు. పొగతాగడం మానండి, అది చేతికి రక్తం అందకుండా చేసి గాయాన్నీ నరాన్నీ మాననివ్వదు.

"కదిపితే ఏమైపోతుందో" అన్న టెన్షన్ నొప్పిని నిజంగానే పెంచుతుంది. దానికోసం కౌన్సెలింగ్ తీసుకుంటే నొప్పి అబద్ధమని ఒప్పుకున్నట్టు కాదు. నేను ఎనిమిదిసార్లు వెళ్లాను, ముందే వెళ్లి ఉండాల్సింది.

ఇంట్లోవాళ్లకి ఒక మాట. ప్రేమతోనే అయినా అన్ని పనులూ మీరే చేసిపెట్టకండి. గ్లాసు అందుకోవడం, బొత్తాలు పెట్టుకోవడం, తలుపు తీయడం, ఎంత ఆలస్యమైనా ఆ చేత్తోనే చేయనివ్వండి. బయటికి ఏమీ కనిపించదు కాబట్టి "ఇంకా తగ్గలేదా?" అని అడగకండి. "ఇవాళ ఏం చేయగలిగావు?" అని అడగండి.

ఇంకా ఆపరేషన్ కాని వాళ్లకి

ముందు నుంచే నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్లకి, బాగా ఆందోళన పడేవాళ్లకి, ఇదివరకు ఏ ఆపరేషన్ తర్వాతైనా నొప్పి నెలల తరబడి ఉన్నవాళ్లకి ప్రమాదం ఎక్కువ. ఇది సర్జన్‌కీ మత్తు డాక్టర్‌కీ ముందే చెప్పండి. మణికట్టు విరిగినవాళ్లకి రోజుకి 500 మిల్లీగ్రాముల విటమిన్ సి 50 రోజులు ఇస్తే సీఆర్‌పీఎస్ తగ్గినట్టు కొన్ని పరిశోధనల్లో తేలింది, మరికొన్నింటిలో తేడా కనిపించలేదు. కిడ్నీలో రాళ్లు లేనివాళ్లు డాక్టర్‌ని అడిగి వాడొచ్చు.

ఆపరేషన్‌కి ముందే థెరపిస్టు అపాయింట్‌మెంట్ తీసుకోండి, తర్వాత వెతుక్కోవడం కష్టం. మత్తు దిగిన రోజు నుంచే, డాక్టర్ వద్దనకపోతే, కట్టు బయట ఉన్న వేళ్లను కదపడం మొదలుపెట్టండి. చేతి మీద ఏమీ కప్పకుండా, కళ్లెదుట పెట్టుకుని కదపండి.